జ్ఞానప్రకాశం గారి నాలుగు నిమిషాలు

రావులపాలెం దగ్గర హైవే దిగి కాలవగట్టు మీద ఆరు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే ఆ ఊళ్లో కాలాన్ని కొలవడానికి గడియారంతో పాటు ఇంకో కొలత ఉంది. దాని పేరు ప్రకాశం. స్టవ్వు మీద టీ మరగడానికి ఒక ప్రకాశం పడుతుంది. కందిపప్పు ఉడకడానికి నాలుగు. బస్సు కోసం నిలబడ్డవాణ్ణి ఎంతసేపైందని అడిగితే, ‘అరటి గెలల లారీ వెనకాల ఇరుక్కుపోయి ఉంటుందండి, అయిదు ప్రకాశాలైంది’ అంటాడు. ఒక ప్రకాశం అంటే నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు.

కొలతకు పేరిచ్చిన జ్ఞానప్రకాశం గారు ఈ ఎగతాళికి ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఎనిమిది సెకన్లు వదిలేసి నాలుగు నిమిషాలని చెప్పేవాళ్లను మాత్రం సరిదిద్దేవారు.

ఆయనకిప్పుడు డెబ్బై ఒకటి. అందులో ముప్పై రెండేళ్లు రాజమండ్రిలోని ఒక ప్రెస్సులో కంపోజిటరుగా గడిచాయి. ఎదురుగా చెక్క కేసు, దానిలో గళ్లు, గళ్లలో సీసం అక్షరాలు. ఒక్కో అక్షరం ఏరి ఎడమ చేతిలోని ఇనప స్టిక్కులో పేర్చడం, స్టిక్కు నిండాక ఆ పంక్తులన్నీ ఒక్కసారిగా పళ్లెం లాంటి గ్యాలీలోకి దించడం, మళ్లీ మొదలు. సీసం అక్షరం అద్దంలో బొమ్మలా ఎదురుతిరిగి ఉంటుంది కాబట్టి కంపోజిటరు తను పేర్చినదాన్ని తలకిందులుగా పెట్టుకుని చదువుతాడు. శుభలేఖలో పెళ్లికూతురి ఇంటిపేరు తప్పుపడితే రెండు కుటుంబాలూ కలిసి ప్రెస్సు మీదికి వస్తాయి. ఈయన పేర్చిన శుభలేఖ పట్టుకుని ఎవరూ రాలేదు.

ఆఫ్‌సెట్ యంత్రం వచ్చాక సీసాన్ని తూకానికి అమ్మేశారు. తోటి కంపోజిటర్లు కొందరు టైపింగు నేర్చుకున్నారు, కొందరు ఇంటికెళ్లిపోయారు. ఈయన యాభై రెండో ఏట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి సి భాష నేర్చుకున్నారు. టైపింగు కాకుండా ఇదెందుకని అడిగినవాళ్లకు కారణం చెప్పారు. ఆ భాషలో ఒక్క సెమికోలన్ వదిలేసినా పని ముందుకు కదలదు. అచ్చుతప్పు మీద అంత కోపం ఉన్న యజమాని దగ్గర పని చేయాలని ఆయనకు ఎప్పట్నుంచో కోరిక.

ఆ తర్వాత సొంతూరు చేరారు. అక్కడ కొన్నేళ్లకు చర్చి రిజిస్టర్లు ఆయన చేతికి వచ్చాయి. చుట్టుపక్కల ముప్పై ఆరు సంఘాల పుస్తకాలు ఆ చర్చి ఆఫీసు గదిలో ఒక బీరువాలో ఉండేవి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు. నూట ఇరవై ఏళ్లవి. కొన్ని చెదలు తిన్నవి, కొన్ని వరదనీళ్లు తాగినవి. జ్ఞానప్రకాశం గారు వాటిని ఆరబెట్టి, కుట్టించి, బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. మూడేళ్లు కూర్చుని ఒక్కో పేరూ కంప్యూటర్లోకి ఎక్కించారు. లక్షా ఇరవై రెండు వేల పేర్లయ్యాయి. వాటిలో ఏదైనా వెతికిపెట్టే ప్రోగ్రాము కూడా ఆయనే రాశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక జనం ఆఫీసు గదికి వస్తారు. బాప్తిస్మ సర్టిఫికెట్ లేనిదే పెళ్లికి ముందు చర్చిలో పెళ్లి ప్రకటన చదవరు, అందుకని. ఈయన పేరు కొట్టి ఎంటర్ నొక్కుతారు. ఒకే పేరు పదిమందికి ఉంటుంది కాబట్టి ప్రోగ్రాము ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివి కానీ జవాబు చెప్పదు. నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు. ఈలోగా వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని ఊళ్లో సంగతులు చెప్పుకుంటారు. ముగ్గురు నలుగురైతే బాగానే ఉంటుంది. మాఘమాసంలో పదిహేనుమంది వస్తారు. పదిహేనో మనిషికి ఇంట్లో కోడికూర చల్లారిపోతుంది.

మొన్న మాఘంలో అదే జరిగింది. కూర చల్లారినవాళ్లు కమిటీకి ఫిర్యాదు చేశారు.

సంఘం కమిటీ పెద్ద రత్నమాణిక్యం గారు. తెల్లటి లాల్చీ, నల్లగా రంగేసిన మీసం. కమిటీలో కూర్చోవాలంటే డెబ్బై దాటకూడదని సంఘం నియమం. రత్నమాణిక్యం గారికి అయిదేళ్లుగా అరవై ఎనిమిదే నడుస్తోంది. ఆయన అల్లుడు అనిల్ కుమార్‌కి రావులపాలెంలో ఇంటర్నెట్ సెంటరు ఉంది. రిజిస్టర్లకు ఫోన్ యాప్ తయారుచేస్తానని ముందుకొచ్చాడు.

“ప్రకాశం గారు పెద్దాయనండి,” అని రత్నమాణిక్యం గారు కమిటీలో మెత్తగా మొదలుపెట్టారు. “డెబ్బై దాటిన మనిషి. మనమంటే కాస్త ఓపికున్నవాళ్లం. ఆయన్ని ఇంకా కష్టపెట్టడం న్యాయం కాదు కదండీ. తాళంచెవి మా అల్లుడికి ఇచ్చేస్తే పుస్తకాలు కాకినాడ పంపించి భద్రంగా గోదాంలో పెట్టించేద్దాం.”

“గోదాంలో పెడితే మళ్లీ చూడాలంటే ఎలాగండి?” అన్నారు కమిటీ పిలిస్తే వచ్చి కూర్చున్న జ్ఞానప్రకాశం గారు.

“ఎందుకండీ చూడడం? అన్నీ ఫోన్లో ఉంటాయిగా!”

“ఫోన్లో తప్పు పడితే?”

“పడదండీ.”

ముప్పై రెండేళ్ల సర్వీసులో ఈ మాట అన్న ప్రతివాడి ప్రూఫులోనూ జ్ఞానప్రకాశం గారికి పది తప్పులు దొరికాయి. అసలు కాపీ పక్కన లేకుండా ప్రూఫు దిద్దమని ఏ ప్రెస్సూ అడగదు. ఆ పుస్తకాలు గోదాంలోకి వెళ్లాయంటే తను ఎక్కించిన లక్షా ఇరవై రెండు వేల పేర్లూ కాపీ లేని ప్రూఫులైపోతాయి. ఆ మాటే చెప్పారు. కమిటీలో ఎవరికీ ఎక్కలేదు. పాస్టరు గారు మధ్యేమార్గంగా మూడు వారాల గడువిచ్చారు. మూడో ఆదివారం పరీక్ష. ప్రోగ్రాము వేగంగా జవాబిస్తే తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది, లేకపోతే అనిల్‌కి.

మొదటి వారం ఆయన తప్పు యంత్రానిదనుకున్నారు. అనిల్ కుమార్ పోటీదారుడే అయినా మంచివాడు. స్వయంగా వచ్చి మెమరీ రెట్టింపు చేశాడు. నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు. పాత హార్డ్‌డిస్కు తీసేసి కొత్త రకం డిస్కు పెట్టాడు. నాలుగు నిమిషాల అయిదు.

“మూడు సెకన్లు తగ్గింది బాబాయిగారూ!”

“ఈ లెక్కన ఇంకో ఎనభై డిస్కులు పెట్టాలి బాబూ.”

రెండో వారం ప్రోగ్రాములోంచి వెతికే భాగం మొత్తం తీసేసి చూశారు. పేరు పోల్చడం లేదు, జవాబు చెప్పడం లేదు, ఫైలు ఊరికే మొదటి నుంచి చివరి దాకా చదవడమే. దానికీ దాదాపు నాలుగు నిమిషాలు పట్టింది. అంటే వెతకడం తప్పు కాదు, చదవడంలోనే ఏదో ఉంది. అలాగని డిస్కుదీ తప్పు కాదు. చదువుతున్నంతసేపూ డిస్కు దీపం ఒక్కసారైనా వెలగలేదు. ఫైలంతా ఎప్పుడో మెమరీలోకి వచ్చి కూర్చుంది. ఇంటి గుమ్మంలోనే ఉన్న మనిషి లోపలికి రావడానికి నాలుగు నిమిషాలు పడుతోందన్నమాట.

మూడో వారం బుధవారం పొద్దున ఆయన ప్రోగ్రామంతా కాగితం మీద అచ్చు తీశారు. పదకొండు పేజీలు. వాకిట్లో కుర్చీ వేసుకుని, కాగితాలు తలకిందులుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఆయన భార్య సంపూర్ణమ్మ గారు చేటలో బియ్యం పోసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

“ఏమండీ, కాయితాలు తిరగబడ్డాయి.”

“తెలుసు.”

“తెలిసేనా?”

“తిన్నగా చదివితే అర్థమైపోతుంది సంపూర్ణా. అర్థమైతే తప్పు కనపడదు.”

“అర్థం కాకుండా చదవడానికి ముప్పై రెండేళ్లు జీతం ఇచ్చారా మీకు? మహానుభావులు.”

“నువ్వు బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు అన్నం రుచి గురించి ఆలోచిస్తావా?”

“ఇప్పుడు రేషను బియ్యంలో కూడా రాళ్లు రావట్లేదండి. మీ కాయితాల్లోనే ఉన్నాయి.”

మొదటి పేజీ పద్నాలుగో లైను దగ్గర ఆయన చూపుడువేలు ఆగింది. చాలాసేపు కదల్లేదు. సంపూర్ణమ్మ గారు చేట దించి, “ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగారు.

“నేను స్టిక్కు లేకుండా కంపోజ్ చేస్తున్నాను,” అన్నారాయన.

ఆ లైను ఆరేళ్ల క్రితంది. పేర్లు ఎక్కించే మొదటి రోజుల్లో ఒక మధ్యాహ్నం హఠాత్తుగా కరెంటు పోయింది. అప్పటికి కొట్టిన పదకొండు పేర్లు ఇంకా డిస్కు మీదికి చేరలేదు. ప్రోగ్రాము వాటిని చేతిలో పోగేసుకుని, అన్నీ కలిపి ఒకేసారి రాద్దామని కూర్చుంది. పదకొండూ పోయాయి. జ్ఞానప్రకాశం గారు మండిపడి ఫైలు తెరిచేచోట ఒక లైను చేర్చారు. దాని అర్థం: చేతిలో ఏదీ ఉంచుకోకు, ఏ అక్షరానికి ఆ అక్షరం వెంటనే దించెయ్. రాయడానికి అది సరైన లైనే. ఆ తర్వాత ఒక్క పేరు కూడా పోలేదు.

తర్వాత చదివే భాగం రాయాల్సి వచ్చింది. ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. శుభలేఖల పైభాగం ప్రతిసారీ ఒకటే కాబట్టి, ఒకసారి పేర్చి ప్రూఫు చూసిన మేటరును విప్పకుండా దారంతో కట్టి అరలో ఉంచుతారు. ఇంకో పెళ్లికి అదే తీసి పెడతారు. ఒకసారి దిద్దిన మేటరుకు మళ్లీ ప్రూఫు చూడరు. ఈయన కూడా ఫైలు తెరిచే భాగాన్ని కట్టి ఉంచిన మేటరులాగే తీసి, చదివే ప్రోగ్రాములో పెట్టేశారు. పద్నాలుగో లైను దానితోపాటే వచ్చింది.

ప్రోగ్రాము తనంతట తాను ఫైల్లో చెయ్యి పెట్టలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ అనే పెద్దమనిషిని అడగాలి. అడిగిన ప్రతిసారీ తన పని ఆపుకుని, ఆయన గుమ్మం ముందు నిలబడి, ఆయన తెచ్చిచ్చాక వెనక్కి రావాలి. ఒక బైటు అడిగినా, అరవై వేలు అడిగినా ఈ మర్యాదలకు పట్టే సమయం మారదు. మామూలుగా సి భాష తెలివిగా ఒక దోసిలి నిండా అడిగి తెచ్చుకుని, దానిలోంచి అక్షరం అక్షరం ప్రోగ్రాముకు అందిస్తుంది. అదే స్టిక్కు. చేతిలో ఏదీ ఉంచుకోవద్దని ఈయన గారి ఆజ్ఞ ఉండబట్టి అది కూడా పాపం నోరు మూసుకుని ఒక్కో బైటుకూ వెళ్లి వస్తోంది. తెలుగులో అక్షరానికి మూడు బైట్లు, గుణింతానికి ఇంకో మూడు. ‘కీ’ అని చదవాలంటే ఆరుసార్లు వెళ్లాలి. ఫైలు మొత్తం అయిదు కోట్ల అరవై లక్షల బైట్లు. అయిదు కోట్ల అరవై లక్షల సార్లు ‘అయ్యా, ఒక్క బైటు ఇప్పించండి’, ‘తీసుకోండి’, ‘ఉంటానండి’. ఇంత మర్యాదకు నాలుగు నిమిషాలే పట్టడం యంత్రం గొప్పతనం.

ఆయన చదివేచోట ఆ లైను కొట్టేశారు. రాసేచోట అలాగే ఉంచారు, కరెంటు బుద్ధి మారలేదు కాబట్టి. ఎంటర్ నొక్కారు.

జవాబు వచ్చేసింది.

ఆయన నమ్మలేదు. పాత జవాబే తెర మీద మిగిలిపోయిందనుకుని తుడిచేసి మళ్లీ నొక్కారు. సెకనున్నర. తర్వాత మధ్యాహ్నం దాకా స్టిక్కు పొడుగు మార్చి మార్చి చూశారు. అయిదొందల బైట్లు, నాలుగు వేలు, అరవై వేలు. పెరిగేకొద్దీ కొంచెం కొంచెం మెరుగైంది. పది లక్షలు పెడితే ఏమీ తేడా రాలేదు. మరీ పొడుగు స్టిక్కు పట్టుకుంటే మణికట్టు నొప్పి తప్ప పని పెరగదని ఆయనకు సీసం రోజుల్లోనే తెలుసు. అరవై వేల దగ్గర ఆపేసి అన్నానికి లేచారు.

“తగ్గిందా?” అన్నారు సంపూర్ణమ్మ గారు.

“సెకనున్నర.”

“అయ్యో, సెకనున్నరే తగ్గిందా? అనిల్ డిస్కు నయం, మూడు సెకన్లు తగ్గించింది.”

ఆయన సరిదిద్దడానికి నోరు తెరిచి, గోంగూర పచ్చడి చూసి ఊరుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ ఏడుగురూ, పాస్టరు గారూ ఆఫీసు గదిలో సర్దుకున్నారు. ముందు అనిల్ కుమార్ ఫోను తీసి చూపించాడు. నమూనాగా అయిదు వేల పేర్లు ఎక్కించాడు. ఒక పేరు కొడితే రెండు సెకన్లలో వచ్చింది. అందరూ ‘ఓహో’ అన్నారు. తర్వాత జ్ఞానప్రకాశం గారి వంతు. నిజంగానే సర్టిఫికెట్ కావలసిన మనిషి ఒకరుంటే బాగుంటుందని పాస్టరు గారు రూబీని పిలిచారు. కాకినాడలో నర్సు. వచ్చే నెల పెళ్లి. ఆ అమ్మాయి ఆనవాయితీ ప్రకారం బెంచీ మీద కూర్చుని, బ్యాగులోంచి వేరుశెనగల పొట్లం తీసి విప్పింది.

జ్ఞానప్రకాశం గారు పేరు కొట్టి ఎంటర్ నొక్కారు.

“అయిందండి.”

“ఏది?” అన్నారు పాస్టరు గారు.

“దొరికింది. సంతకం పెట్టడమే.”

రూబీ పొట్లంలోంచి మొదటి గింజ కూడా నోట్లో వేసుకోలేదు. గదిలో ఎవరూ ‘ఓహో’ అనలేదు. మూడేళ్లుగా నాలుగేసి నిమిషాలు కూర్చున్నవాళ్లకు సెకనున్నర పని పనిలా కనపడలేదు.

“ఇదేం బాలేదండి ప్రకాశం గారూ,” అన్నారు రత్నమాణిక్యం గారు. “రూబీ పెళ్లి సంగతి ఊరందరికీ తెలుసు. ముందే వెతికి దాచిపెట్టి, ఇప్పుడు తీసి చూపిస్తే వేగమైపోతుందా?”

“అయితే మీరే ఒక పేరు చెప్పండి.”

రత్నమాణిక్యం గారు అల్లుడి వంక చూసి కన్ను గీటారు. ఆయన పుట్టింది గోదావరి మధ్య లంకలో, చిన్న సంఘంలో. తొంభై ఆరు తుపానుకు ఆ చర్చి కప్పు లేచిపోయి రిజిస్టరు వరదలో కొట్టుకుపోయిందని ఊరందరి నమ్మకం. లేని పుస్తకంలో ఉన్న పేరును ఏ ప్రోగ్రామూ వెతకలేదు.

“నా పేరే కొట్టండి.”

జ్ఞానప్రకాశం గారి వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. “మీదేనాండీ?”

“నాదే.”

“ఇంకెవరిదైనా చెప్పకూడదా?”

“ఏం, భయమేస్తోందా?” అని రత్నమాణిక్యం గారు కమిటీ వైపు తిరిగి నవ్వారు. “చూశారా? నే చెప్పలే?”

“మళ్లీ అడుగుతున్నానండి. మీ పేరు కొట్టమంటారా?”

“కొట్టండి మాస్టారూ, కొట్టండి!”

పాత ప్రోగ్రామైతే మనసు మార్చుకోవడానికి, ఆపేయడానికి, కరెంటు పోవాలని ప్రార్థించడానికి కూడా నాలుగు నిమిషాల వ్యవధి ఉండేది. కొత్తది ఆ అవకాశం ఇవ్వలేదు. జ్ఞానప్రకాశం గారు తెర వైపు ఒకసారి చూసి, “దొరికిందండి,” అని చెయ్యి అడ్డం పెట్టబోయారు. ఈలోగా అనిల్ కుమార్ ఆయన భుజం మీదుగా వంగాడు. ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడికి తెర మీద కనిపించింది పైకి చదవడం అలవాటు.

“కొమ్మాబత్తుల రత్నమాణిక్యం. తండ్రి దేవదానం. పుట్టిన తేదీ పద్నాలుగు ఫిబ్రవరి పంతొమ్మిది వందల యాభై ఒకటి...” అక్కడ ఆగాడు. వేళ్ల మీద లెక్క వేశాడు. “మావయ్యగారూ, ఇదేంటండీ? మీకు డెబ్బై మూడా?”

రూబీ ఇప్పుడు వేరుశెనగలు నోట్లో వేసుకుంది.

“అచ్చుతప్పు,” అన్నారు రత్నమాణిక్యం గారు. మీసం మీద చెమట పట్టింది. “అచ్చుతప్పై ఉంటుందండి. కదండీ ప్రకాశం గారూ? కొట్టేటప్పుడు ఒక అంకె అటూ ఇటూ పడి ఉంటుంది. మనిషన్నాక సహజం. అదేగా? ఒక్కమాట చెప్పండి. తాళంచెవి సంగతి మనం మనం చూసుకోవచ్చు.”

అందరూ జ్ఞానప్రకాశం గారి వంక చూశారు. అవునని ఒక్కమాట అంటే బీరువా ఆయనదే. కానీ ఆ ఒక్కమాటతో లక్షా ఇరవై రెండు వేల పేర్ల మీదా అనుమానం పడుతుంది. పైగా తను చేయని అచ్చుతప్పును ఒప్పుకోవాలి. ఆయన నెమ్మదిగా లేచి, మొలతాడు దగ్గర తాళంచెవి విప్పారు.

“లంక పుస్తకం వరదలో పోలేదండి. తడిసిందంతే. పేజీ పేజీ ఆరబెట్టి కుట్టించాను. ఈ బీరువాలోనే, రెండో అరలో ఉంది. మీ నాన్నగారి సంతకం కూడా ఉంది. తీయమంటారా?”

రత్నమాణిక్యం గారు తాళంచెవిని చూశారు, బీరువాను చూశారు.

“వద్దులెండి,” అన్నారు. “ఆరాధన రోజు దుమ్ము రేపడం ఎందుకు?”

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. “ప్రకాశం గారూ, ఈ సంగతి మీకు ఇన్నాళ్లూ తెలుసా?”

“ఎక్కించింది నేనే కదండి.”

“మరి ఎప్పుడూ చెప్పలేదే?”

“ఆయన సర్టిఫికెట్ ఎవరూ అడగలేదండి.”

ఆ జవాబు విన్నాక కమిటీలో ఒక్కొక్కరూ ఒక్కోరకంగా కదిలారు. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఇంకొకాయన పైకప్పు వైపు చూశారు. పెళ్లి తేదీకీ మొదటి బిడ్డ బాప్తిస్మానికీ మధ్య ఎన్ని నెలలున్నాయో లెక్కపెట్టుకుంటున్నవాళ్లు ఇద్దరు. కమిటీలో ఒకే ఒక్క ఆడమనిషి ఉషారాణి గారు, స్కూలు హెడ్‌మిస్ట్రెస్. ఆవిడే ముందు తేరుకున్నారు.

“అనిల్ బాబూ, నీ యాప్‌లో ఇవన్నీ ఎవరికి కనపడతాయి?”

“అందరికీ అండి!” అన్నాడు అనిల్ ఉత్సాహంగా. “చర్చికి రావక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంట్లో పడుకుని ఎవరి వివరాలైనా చూసుకోవచ్చు.”

యాప్ అక్కడితో ముగిసింది.

తీర్మానం రత్నమాణిక్యం గారే ప్రతిపాదించారు. రిజిస్టర్లూ, బీరువా తాళంచెవీ జ్ఞానప్రకాశం గారి దగ్గరే ఉండాలి, పుస్తకాలు గోదాంకి పోకూడదు. ఏడుగురూ చేతులెత్తారు. ఆరోగ్యం సహకరించనందువల్ల వచ్చే నెల నుంచి కమిటీ బాధ్యతల నుంచి తప్పుకుంటానని ఆయన చెబితే, ఏ ఆరోగ్యమని ఎవరూ అడగలేదు. మినిట్స్ పుస్తకంలో అరవై ఎనిమిదేళ్ల రత్నమాణిక్యం గారి సేవలను కొనియాడుతూ ఒక పేరా రాశారు. జ్ఞానప్రకాశం గారు దాన్ని చదివి, పెన్ను తీసి, మూతపెట్టి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆ పుస్తకం ఆయన దిద్దవలసినది కాదు.

రెండో తీర్మానం ఉషారాణి గారిది. ఆఫీసు గదిలో కంప్యూటర్ తెరను ఇకమీదట గోడ వైపు తిప్పి, జ్ఞానప్రకాశం గారొక్కరికే కనిపించేలా ఉంచాలి. దాని మీద చర్చ జరగలేదు. బల్ల అటు కొస అనిల్ కుమార్, ఇటు కొస రత్నమాణిక్యం గారు పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే తిప్పేశారు.